క్యాంపుకు కొత్తగా వచ్చారా, బండి తెచ్చారా?

సింధనూరు బస్టాండులో దిగి "క్యాంపుకు ఎటు పోవాలి" అని అడిగి చూడండి. జవాబుకు ముందు ఎదురు ప్రశ్న వస్తుంది: "యావ క్యాంపు?" రాయచూరు జిల్లాలో తెలుగువాళ్లు కట్టుకున్న ఊళ్లు చాలావాటికి చివర ఆ మాట ఉంటుంది. 1953లో హోసపేట దగ్గర తుంగభద్ర ఆనకట్టలో నీళ్లు నిలిచాయి. ఎడమ కాలువ మైలు తరవాత మైలు ఇటు సాగుతుంటే గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు దాని వెంటే వచ్చారు. అక్కడి ఎకరం అమ్మిన డబ్బుకు ఇక్కడ నాలుగైదు ఎకరాలు వచ్చేవని మా తాత చెప్పేవాడు. రేగడిలో గుడారాలు వేసుకుని, తుమ్మచెట్లు కొట్టి, నేల చదును చేసి వరి వేశారు. గుడారాలు పోయి డాబాలు లేచినా క్యాంపు అన్న పేరు మాత్రం పోలేదు.

ఇప్పుడు వచ్చేవాళ్ల తీరు వేరు. మేనమామ పిలిస్తే కౌలుకు వచ్చేవారు కొందరు, రైసు మిల్లులో గుమాస్తాగా వచ్చేవారు కొందరు, అల్లుళ్లుగా వచ్చేవారు కొందరు. చాలామంది వెంట ఒక పికప్పు కూడా వస్తుంది. బొలెరోనో, టాటా ఏసో, దోస్తో. సొంతూళ్లో దాని మంచిచెడ్డలు వీధి చివరి మెకానిక్కు చూసుకునేవాడు. ఇక్కడ మీ క్యాంపుకూ షెడ్డుకూ మధ్య పదిహేను కిలోమీటర్ల కాలువ గట్టు ఉండొచ్చు. పైగా కోతలప్పుడు అందరి బండ్లూ ఒకేసారి మొరాయిస్తాయి. కాబట్టి ఇంటి ముందు వేపచెట్టు కింద మీరే చేసుకోవాల్సిన పనులేవో, ఎంత తెలిసినా చెయ్యి పెట్టకూడనివేవో, అంతవరకే ఇక్కడ చెబుతాను. ఇల్లు, బడి, రేషను కార్డు సంగతులు చెప్పేవాళ్లు మీ క్యాంపులోనే దొరుకుతారు.

కాగితాల ముచ్చట ముందే ముగిద్దాం. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి పన్నెండు నెలలకు మించి ఇంకో రాష్ట్రంలో ఉంటే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. పాత ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తెచ్చుకుని రాయచూరు నంబరు, అంటే కేఏ 36, వేయించుకోండి. ఊళ్లో అందరూ ఏపీ నంబరుతోనే తిరుగుతున్నారు కదా అనుకోకండి, ఆపినప్పుడు కట్టేది మీరే. పసుపు పలక బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తరవాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. మామూలు కారు లైసెన్సుతో పికప్పు నడపొచ్చా అన్న అనుమానం 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు తీర్చేసింది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండికి ఆ లైసెన్సు చాలు.

ఇక అసలు సంగతి, రేగడి. డెల్టా బంకమట్టి చూసిన కళ్లకు ఇది పాత చుట్టంలా కనిపిస్తుంది. నమ్మకండి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, రెండు జల్లులు పడితే సబ్బులా జారుతుంది. మేము వచ్చిన మొదటి ఏడాది పొలం అంచున వెనక టైరు పంక్చరైంది. జాకీ పెట్టి మా తమ్ముడు టైరు విప్పాడు. నేల పైపైన పొడిగా ఉంది, నాలుగు అంగుళాల కింద పచ్చిగా ఉంది. జాకీ మెల్లగా ఒరిగి, చప్పుడు లేకుండా దిగబడిపోయింది. డ్రమ్ము నేలకు ఆనే ముందు వాడు కాలు లాక్కున్నాడు. ఆ రోజు నుంచి మా బండిలో అడుగున్నర చదరం మందపాటి చెక్క ఒకటి, రెండు తుమ్మ దిమ్మలు ఎప్పుడూ ఉంటాయి. చెక్క మీద జాకీ, చక్రాల ముందూ వెనకా అడ్డురాళ్లు, బండి లేచాక ఛాసిస్ కింద దిమ్మలు. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి దూరేవాడు ఎంత గొప్ప మెకానిక్కైనా తెలివితక్కువ వాడే. నట్లు బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూసుకోవాలి.

రేగడి ఇంకో పని కూడా చేస్తుంది. కమాన్ల మధ్య, బ్రేకు డ్రమ్ముల వెనక, మడ్‌గార్డుల లోపల గట్టిపడి కూర్చుంటుంది. కారుతున్న నూనె ఆ మట్టి కింద కనపడదు. నెలకోసారి కింద బాగా కడిగి, ఆరాక టార్చిలైటు పట్టుకుని చూడండి. డిఫరెన్షియల్ దగ్గర తడి, షాక్ అబ్జార్బరు మీద నూనె మరక, డ్రమ్ము లోపలి అంచున బ్రేకు నూనె జిడ్డు. ఈ మూడోది కనిపిస్తే బండి ఆ రోజు కదలకూడదు. కడిగిన మర్నాడే గ్రీజు కొట్టండి. ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులకు, కమాన్ల శాకిళ్లకు, గ్రీజు నిప్పిళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడల్లా. పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చి, వెనకే కొత్తది కనపడేదాకా కొట్టాలి. కాలువ దాటినప్పుడు హబ్బు మునిగిందంటే బేరింగు గ్రీజులోకి నీళ్లు చేరి ఉండొచ్చు. విప్పి చూసినప్పుడు గ్రీజు మజ్జిగలా తెల్లబడి ఉంటే అదే సంగతి. తడిసిన బ్రేకులను మాత్రం వెంటనే ఆరబెట్టొచ్చు, నెమ్మదిగా పోతూ పెడలు మీద తేలిగ్గా కాలు ఆనిస్తే చాలు.

నవంబరు చివరికి కోత మిషన్లు దిగుతాయి. అప్పటి నుంచి గాలిలో ఉండేది గాలి కాదు, నూగూ తాలూ. కల్లంలో రెండు గంటలు నిలబడితే మన ఒళ్లు ఎలా దురద పెడుతుందో బండికీ అంతే. ఎయిర్ ఫిల్టరు మామూలు రోజుల లెక్కకు ఇక్కడ నిలవదు. కోతల్లో మూడు రోజులకోసారి తీసి చూడండి. నేలకేసి బాదకుండా అరచేతి మీద మెల్లగా తట్టండి. గాలి పడితే లోపలి నుంచి బయటికి పట్టాలి, బయటి నుంచి పడితే దుమ్ము కాగితంలోకి ఇంకా లోతుగా దిగుతుంది. దీపం ముందు పెట్టి చూసినప్పుడు వెలుతురు రాకపోయినా, ఎక్కడైనా చిరుగు కనిపించినా కొత్తది వేయాల్సిందే. ఇంజను లోపలికి పోయిన పిడికెడు దుమ్ము పిస్టన్ల మీద ఆకురాయిలా పని చేస్తుంది. దాని ముందు ఫిల్టరు ఖరీదు ఎంతని!

రేడియేటరు రెక్కల్లోనూ ఇదే తాలు ఇరుక్కుంటుంది. ముందు నుంచి నీళ్ల గొట్టం పెట్టి కొడితే అది ఇంకా బిగుసుకుంటుంది. ఇంజను బాగా చల్లారాక, ఇంజను వైపు నుంచి ముందుకు, మెత్తటి ధారతో కడగాలి. వేడి మీద మూత తీయడం అంటే మొహం కాల్చుకోవడమే. లోపల పోసే నీళ్ల విషయంలో క్యాంపుల్లో ఎప్పటి నుంచో ఒక నిర్లక్ష్యం ఉంది. బోరు నీళ్లు పట్టి పోసేస్తారు. ఈ జిల్లా బోరు నీళ్లలో ఉప్పుల పాలు ఎక్కువ. కాచిన గిన్నె అడుగున తెల్లగా పట్టే పొర చూశారు కదా, రేడియేటరు సన్నటి గొట్టాల్లోనూ అదే పడుతుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు తప్ప ఇంకేం పోయకండి. ఏప్రిల్, మే నెలల్లో రాయచూరు ఎండ నలభై డిగ్రీలు దాటి కూర్చుంటుంది. ఆ ఎండలో, లోడుతో, సగం పూడిన రేడియేటరుతో పోతే హెడ్డు వంగేది అప్పుడే.

కొత్తవారు ఊహించని ప్రమాదం ఒకటుంది. ఈ వైపు పంట ఎండబెట్టడానికీ నూర్చడానికీ తారు రోడ్డే కల్లం. కంది, జొన్న, సజ్జ కట్టెను రోడ్డంతా పరిచి, పోయే బండ్ల చేత తొక్కిస్తారు. వాళ్ల పని ఉచితంగా అయిపోతుంది, మన బండి కింద మాత్రం గడ్డి చుట్టుకుంటుంది. తిరిగే షాఫ్టుకు చుట్టుకున్న ఎండుగడ్డి కాలే సైలెన్సరుకు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొత్త బిఎస్-6 బండ్లలో మసి కాల్చుకునే ఫిల్టరు వేడెక్కినప్పుడు ఇంకా ముప్పు. పక్కన దారి ఉంటే పక్కన పోండి. లేకపోతే దాటిన వెంటనే ఆపి కిందికి తొంగి చూసి, ఇంజను ఆపేసి, కొడవలితో కోసి తీసేయండి. కాలిన వాసన తగిలాక ఇంటికెళ్లి చూద్దాం అనుకున్నవాడి బండి ఇంటికి చేరదు. సీటు వెనక చిన్న అగ్నిమాపక సిలిండరు పెట్టుకోండి.

ఆ మసి ఫిల్టరు గురించి ఇంకో మాట. ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి పాల కేంద్రానికి, అన్నీ రెండు మూడు కిలోమీటర్ల తిరుగుళ్లు అయితే అది తనను తాను శుభ్రం చేసుకునేంత వేడెక్కదు. లైటు వెలిగితే కంగారు పడకుండా పెద్ద రోడ్డు ఎక్కి ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడపండి. చాలాసార్లు ఆరిపోతుంది. ఆరకపోతే షెడ్డుకు పోవాల్సిందే. దాన్ని కోసి పారేసి గొట్టం అతికిస్తాం అనేవాళ్లు కనిపిస్తారు. అది చట్టానికి విరుద్ధం, ఫిట్‌నెస్ దగ్గర దొరికిపోతారు కూడా.

డీజిల్ సంగతికి వద్దాం. ట్రాక్టరు కోసం ఇంట్లో డ్రమ్ముల్లో నిలవ పెట్టుకోవడం క్యాంపు అలవాటు. రాత్రీ పగలూ తేడాకు డ్రమ్ము లోపల చెమ్మ పట్టి అడుగున నీళ్లు చేరతాయి. అవసరానికి అందులోంచి గొట్టంతో పికప్పులోకి లాగుతాం. మర్నాడు బండి దగ్గుతుంది. నేనూ ఒకసారి తెలిసినవాళ్ల డ్రమ్ములోంచి ఇరవై లీటర్లు పోయించుకుని, ఆ రాత్రి పోత్నాళ్ దారిలో చీకట్లో కూర్చున్నాను. ఫిల్టరు అడుగున చిన్న మర ఉంటుంది, దాన్ని వదులు చేసి గాజు గ్లాసులోకి పట్టండి. నీళ్లు అడుగున, డీజిల్ పైన విడిగా తేలుతుంది. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించండి. ఫిల్టరు మార్చినా, ట్యాంకు పూర్తిగా ఎండిపోయినా లైనులో ఎయిర్ పడుతుంది. చాలా బండ్లలో చేతి పంపు ఉంటుంది, అది గట్టిపడేదాకా నొక్కి స్టార్టు చేయాలి. ఇంటి పని అంతటితో సరి.

ఎందుకంటే ఆ తరవాత వచ్చే సన్నటి ఉక్కు గొట్టాలు వేరే జాతివి. టైరులో ఉండే ఒత్తిడి నాలుగైదు బార్లు. ఇప్పటి కామన్ రైలు ఇంజన్లలో పంపు దాటాక వెయ్యి బార్లకు పైనే. పాత ఇంజన్లలో నాజిలు దగ్గర నట్టు వదులు చేసి ఎయిర్ తీసే పద్ధతి మా నాన్నతరం వాళ్లందరికీ చేతి అలవాటు. అదే అలవాటుతో కొత్త ఇంజను మీద పానా వేస్తే డీజిల్ ధార సూదిలా చర్మంలోకి దూరుతుంది. పైకి దోమకాటులా కనిపిస్తుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఆగకుండా అదే పూట ఆసుపత్రికి పోవాలి. ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు తీగలు, ఇవన్నీ స్కానరు ఉన్నవాడి పనులు.

ఇప్పుడు బరువు. ఇక్కడ వడ్ల ధర బస్తాకు మాట్లాడతారు, బస్తా అంటే 75 కిలోలు. బొలెరో పికప్పుల్లో 1,700 కిలోలు మోసే రకాన్ని తీసుకోండి. లెక్క వేయండి, 22 బస్తాలు. టాటా ఏస్ ముప్పావు టన్ను బండి, పది బస్తాలు. కల్లం దగ్గర హమాలీ మాత్రం ముప్పై అయిదు వేసి తాడు బిగించి "హోగ్రీ", అంటే వెళ్లండి, అంటాడు. బండి పోతుంది కూడా, అదే చిక్కు. కమాన్ పట్టీ ఆ రోజు విరగదు, నెల తరవాత ఖాళీగా పోతున్నప్పుడు గుంతలో విరుగుతుంది. నింద గుంత మీదికి పోతుంది. వారానికోసారి కమాన్ల పక్కన కూర్చుని చూడండి. పట్టీల వరస పక్కకు జరిగితే సెంటర్ బోల్టు తెగిందన్నమాట. రెండు వైపులా ఎత్తు తేడా ఉంటే ఎక్కడో పట్టీ చచ్చింది. అదనంగా ఒక పట్టీ వేయిస్తే బరువు మోస్తుందని సలహా ఇస్తారు. కమాన్ మోస్తుందేమో గానీ బ్రేకులు, టైర్లు, యాక్సిలు పాతవే కదా. రెండు ట్రిప్పులు వేయడం నామోషీ కాదు.

ఆ బస్తాల్లో ఉండేది చాలావరకు బాపట్లలో పుట్టిన 5204 రకం సన్నాలే. మన తరవాత వచ్చి మనకంటే బాగా ఇక్కడి మట్టిలో కలిసిపోయింది.

మనం కలవాలంటే ముందు నోరు తెరవాలి. షెడ్డులో మిస్త్రీకి ఉర్దూ వచ్చు, కన్నడం వచ్చు, చాలాసార్లు తెలుగు కూడా వచ్చు. 1956 దాకా ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోదే మరి. అయినా మీరు కన్నడంలో మొదలుపెడితే ఆయన మొహం విప్పారుతుంది. సగం మాటలు మనవే. గాలి గాళి అవుతుంది, కాలువ కాలువె అవుతుంది. మన "ప" వాళ్లకు "హ": పాలు హాలు, పొగ హొగె. నూనె మాత్రం ఎణ్ణె. మాట చివర "రీ" తగిలించండి, మన "అండీ" లాంటిది. "గాడి స్టార్ట్ ఆగవల్దు రీ" అంటే బండి స్టార్టు కావడం లేదండీ అని. మా నాన్న కొత్తలో గేరుబాక్సు చూపిస్తే మిస్త్రీ "ఎల్లా బిచ్చబేకు" అన్నాడట. అంతా విప్పాలి అని ఆయన భావం. బిచ్చం ఎత్తుకోవాల్సి వస్తుందని చెబుతున్నాడేమో అనుకుని నాన్న బండి వెనక్కి తిప్పబోయాడు. చివరికి బిల్లు చూశాక తాను విన్నదే నిజమని ఒప్పుకున్నాడనుకోండి. కన్నడ లిపికి భయపడకండి, మన లిపికి తోబుట్టువు, వారంలో బోర్డులు చదివేస్తారు.

మిస్త్రీ దగ్గర ఇంకో మర్యాద ఉంది. మీరు ఇంట్లో ఏం విప్పారో, ఎంతవరకు విప్పారో దాచకుండా చెప్పండి. నట్టు మరలు చెడగొట్టి తుడిచేసి తీసుకెళ్తే ఆయనకు తెలిసిపోతుంది, రెండోసారి మీ మాట నమ్మడు. పాత సామాను చేతికి అడిగి తీసుకోండి, తప్పేం లేదు.

కాలువ దగ్గర బండి కడగొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఉప కాలువలోకి బండి దింపి జిడ్డు వదిలించుకోవడం సులువే, అందరూ చేస్తారు. ఆ నీళ్లే కింద ఊళ్ల తాగునీటి చెరువుల్లోకి పోతాయి. మార్చిన ఇంజను నూనెను మూత ఉన్న డబ్బాలో పట్టి పాత నూనె కొనేవాడికి ఇవ్వండి. అసలే కాలువ చివరి రైతులకు క్యాంపుల మీద ఒక బాధ ఉంది. పైనున్న మనం వరి వేసి నీళ్లన్నీ తాగేస్తున్నామని, మాన్వి వైపు పొలాలకు చుక్క చేరడం లేదని. అందులో నిజం లేకపోలేదు. తేలికపాటి పంటలకని గీసిన కాలువ కింద మనం వరి పరిచాం. రాత్రిపూట కాలువలో మోటార్లు దించడానికి మీ పికప్పు అడుగుతారు, ఇవ్వకండి.

మనుషులను ఎక్కించడానికి కూడా ఇవ్వకండి. నాట్లకు, పత్తి తీతకు ఆడకూలీలను, జాతరకు ఊరివాళ్లను ట్రాలీలో నిలబెట్టి తీసుకెళ్లడం ఇక్కడ మామూలు. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం నేరం. తిరగబడితే బీమా రాదు, పోయిన ప్రాణం ఎటూ రాదు. మొహమాటానికి ఒకసారి ఒప్పుకుంటే ప్రతి అమావాస్యకూ అడుగుతారు. పెళ్లి సామాను, గ్యాసు బండలు, గేదె, మంచం, వీటికి అర్ధరాత్రి లేపినా వెళ్లండి. క్యాంపులో చుట్టరికాలు అలాగే కలుస్తాయి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. కింద ఉన్న మాకెవరికీ నిద్ర లేదు. కన్నయ్య నాయుడు గారని గేట్ల ఇంజినీరు, పెద్దాయన, వచ్చి పారే నీళ్లలోనే స్టాప్‌లాగులనే అడ్డుపలకలు దింపించి వారం తిరిగేలోపు ఆ సందు మూయించాడు. మా క్యాంపులో ఆ వారమంతా అదే మాట. టీ కొట్టు దగ్గర ఒకాయన మాత్రం లేచి వెళ్లి తన పికప్పు స్టెప్నీ వేలాడే గొలుసు తీసి చూసుకున్నాడు. సగం తుప్పు తినేసి ఉంది.

మీదీ చూసుకోండి. కోతలు నవంబరులో మొదలవుతాయి, దసరా ఆయుధపూజకే బండి కడిగి గ్రీజు కొట్టి ఉంచండి. కొత్తలో అన్ని పనిముట్లూ కొనక్కర్లేదు, ఎనిమిది నుంచి ఇరవై నాలుగు దాకా రింగు పానాలు, చక్రాల పానా, టెస్టు లైటు, ఒక బెల్టు, ఒక డీజిల్ ఫిల్టరు చాలు. గ్రీజు గన్ను మా షెడ్డులో మేకుకు వేలాడుతూ ఉంటుంది. తీసుకెళ్లండి, మూతి తుడిచి తెచ్చి అక్కడే తగిలించండి.